పొడుగు సమాధి

పోయిన నెల కొల్హార్ దారిలో ఉన్న మా చెలక కొలవడానికి సర్వేయరు వచ్చాడు. రోడ్డు వెడల్పు చేస్తారట, మా గట్టు ఏ మూల ఎంత పోతుందో లెక్క రాసుకోవాలట. ముప్పై ఏళ్లు కూడా లేని పిల్లవాడు, మెడలో గుర్తింపు కార్డు, చేతిలో టేపు. చెలక ఆ చివరన మా ఇంటివాళ్ల సమాధులు ఉన్నాయి. మాలో చనిపోయినవాళ్లను కాల్చరు, పడుకోబెట్టి పూడ్చరు. మఠం వేయించి, ఎడమ అరచేతిలో మెడలోని లింగం పెట్టి, బతికినన్నాళ్లూ పొద్దున పూజలో ఎలా కూర్చున్నారో అలాగే కూర్చోబెట్టి మట్టి ఇస్తాం. అందుకని మా సమాధులన్నీ పొట్టిగా, నలుచదరంగా, పీటలు వేసినట్టు ఉంటాయి. ఆ పిల్లవాడు ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయి, చివరిదాని దగ్గర ఆగి, "ఇదు యారదు మేడం? బేరేయవరదా?" అని కన్నడంలో అడిగాడు. ఇది ఎవరిది, వేరేవాళ్లదా అని. అడగడంలో తప్పేమీ లేదు. తొమ్మిది నలుచదరాల పక్కన అదొక్కటే పొడుగ్గా ఉంది. "నమ్మదే" అన్నాను. మాదే. అతను కాగితం మీద తొమ్మిది చిన్న గళ్లు, ఒక పొడుగు గడి గీసుకుని వెళ్లిపోయాడు. నేను మాత్రం పొద్దు వాలేదాకా ఆ గట్టు మీద నుంచి లేవలేదు.

ఆ పొడుగు గడి మా చిన్నాయన. బాపుకు తమ్ముడు, పేరు వీరేశం. భూమ్మీద ఒక్కచోట కుదురుగా కూర్చోని మనిషి ఎవరంటే మా గల్లీలో చిన్నపిల్లలు కూడా ఆయన పేరే చెప్పేవాళ్లు. లింగపూజ కాకుండా మా ఇంట్లో గుక్కెడు నీళ్లు ముట్టరు. పొద్దున్నే నాయినమ్మ వాకిలి చల్లి, స్నానం చేసి, పొయ్యి మీద జొన్నరొట్టెలకు పెనం పెట్టేలోగా ఇంట్లో అందరం వరసగా పీటల మీద కూర్చుని, మెడలో లింగకాయ విప్పి, లింగాన్ని అరచేతిలో పెట్టుకోవాలి. తడి విబూది వాసన, మారేడు పత్రి వాసన, పెనం మీద జొన్నపిండి మాడే వాసన, ఈ మూడూ కలిస్తేనే నా మట్టుకు నాకు తెల్లవారినట్టు. బాపు కళ్లు మూసుకున్నాడంటే గుడిలో రాయి ఎంతో ఆయనా అంతే. చిన్నాయన మాత్రం ఒక కాలు మడిచి, రెండో కాలు అప్పటికే వాకిట్లో పెట్టి ఉండేవాడు. "కూసోరా వీరేశా, ఒక్క గడియ కూసో. నీ కింద ఏమన్న ముండ్లున్నయా?" అని నాయినమ్మ పొయ్యి దగ్గర నుంచే కేకేసేది. "కూసుంటె పనెవడు జేస్తడే అవ్వా?" అంటూనే రొట్టెలో పల్లికారం వేసి చుట్టుకుని, నిలబడే తినేసి, నోట్లో ముద్ద ఉండగానే సైకిల్ ఎక్కేవాడు. పెళ్లిలో పీటల మీద కూడా మూడుసార్లు లేచాడని చిన్నమ్మ చెప్పి నవ్వేది. అదేం మనిషో.

పని తాపీపని. అప్పుడే హైదరాబాదు లేస్తోంది. లేస్తోంది అనే మాట మా ఇంట్లో చిన్నాయనే వాడేవాడు, అన్నం కుండలో పొంగు లేచినట్టు. వారానికోసారి వచ్చి, బండలు పేల్చి అంతస్తుల మీద అంతస్తులు కడుతున్నారని, నిన్న లేని రోడ్డు ఇవాళ ఉందని, కంప్యూటర్లవాళ్లకు అద్దాల ఇళ్లు కడుతున్నారని చెబుతుంటే, డిగ్రీ చదివే నేను నోరు తెరుచుకుని వినేదాన్ని. బీదర్ నుంచి ఎవరు కదిలినా అటే కదిలేవాళ్లు. మరి అంత పని పక్కనే ఉండగా దుబాయికి ఎందుకు పోయావయ్యా అంటే, ఆ పనిలోనే ఏజెంటు తగిలాడు. గోడ కడుతున్నవాళ్లందరూ దుబాయి మాటే మాట్లాడుతున్నారు, ఈయన కాలు నిలవదు. నిజానికి పోయింది దుబాయికి కాదు, ఇంకో దేశానికి, కానీ సముద్రం దాటితే మావాళ్లకు అంతా దుబాయే. పాస్‌పోర్టు కూడా ఏజెంటే హైదరాబాదు చిరునామాతో చేయించాడు. రెండేళ్ల బిడ్డను ఎత్తుకుని చిన్నమ్మ బస్టాండు దాకా వచ్చింది. బస్సులో సీటు దొరికినా ఆయన తలుపు దగ్గరే నిలబడి చేయి ఊపుతూ పోయాడు.

ఫోను మా ఇంట్లో లేదు. పక్కన కిరాణం రాజయ్య మామ దుకాణంలో ఉండేది. ఆ మధ్యాహ్నం మామ పరుగున వచ్చి, "గౌరమ్మా, దుబాయి నుంచి, నువ్వే రావాలె" అన్నాడు నాతో. బాపు పొలంలో ఉన్నాడు, చిన్నమ్మ పుట్టింటికి పోయింది. నేనూ నాయినమ్మా పోయాం. అవతల మాట్లాడింది చిన్నాయనతో ఒకే గదిలో ఉండే లింబాద్రి, నిజామాబాద్ దిక్కు మనిషి. "చెల్లే, పొద్దుగాల డ్యూటీకి టైమైతాందని భుజం పట్టి ఊపిన. సల్లగున్నడు. గుండె ఆగిందన్నరు" అన్నాడు. నేను ఆ మాట నాయినమ్మకు ఎలా చెప్పానో నాకు గుర్తులేదు. ఆమె విన్నాక చేసింది మాత్రం నిన్న జరిగినట్టు గుర్తుంది. ఏడవలేదు. రెండు చేతులతో నా మోచేయి పట్టుకుని, "కూసోబెట్టమను! ఇప్పుడే కూసోబెట్టమను బిడ్డా! బిగుసుకపోతడు!" అని అరిచింది.

ఆ తొందర మాకు తప్ప వేరేవాళ్లకు అర్థం కాదు. మా ఇళ్లల్లో ప్రాణం పోయిన మనిషిని ఒళ్లు వెచ్చగా ఉండగానే కూర్చోబెట్టాలి. కాళ్లు మడిచి, వీపు గోడకు ఆనించి, తల వాలకుండా గదువ కింద కర్ర ఊతం పెట్టి, ఏడుపులు ఆ తర్వాత. ఆలస్యమైతే ఆ మనిషి ఇక కూర్చోడు. నాయినమ్మ తన చేతులతో తాతను కూర్చోబెట్టింది, తన అత్తను కూర్చోబెట్టింది. కొడుకు పోయాడని వినగానే తల్లికి మొదట గుర్తొచ్చింది ఆ పనే. నేను ఫోన్లోకి, "అన్నా, కూసోబెట్టమంటున్నది మా నాయినమ్మ" అన్నాను. "ఏంది చెల్లే?" అన్నాడు. "మా దాంట్ల కూసోబెడ్తరు. పండవెట్టద్దు." ఆ మనిషి మెల్లగా, "చెల్లే, పోలీసోళ్లు వచ్చి పొద్దుగాలనే తీస్కపోయిన్రు. మమ్ముల దగ్గరికి రానియ్యలే. ఏడ వెట్టిన్రో సుత తెల్వది" అన్నాడు. ఫోను కట్ అయిపోయింది.

"చెప్పినవా బిడ్డా?" అంది నాయినమ్మ. నాకు అబద్ధం చెప్పడం రాదని ఇంట్లో పేరు. చిన్నప్పుడు బెల్లం దొంగిలించి కూడా అడగకముందే ఒప్పుకున్న దాన్ని. అలాంటి నేను ఆమె కళ్లు చూసి, "చెప్పిన నాయినమ్మా. కూసోబెట్టిన్రట" అన్నాను. ఆమె నా మోచేయి వదిలింది. దుకాణం ముందు బియ్యం బస్తా మీద కూలబడి, అప్పుడు ఏడ్చింది.

అక్కడితో ఆగితే బాగుండేది. శవం రావడానికి ఇరవై రెండు రోజులు పట్టింది. బాపు తిరగని ఆఫీసు లేదు. బీదర్‌లో కన్నడంలో అర్జీ రాయించుకుపోతే పాస్‌పోర్టు హైదరాబాదుది కదా, అక్కడికి పొమ్మన్నారు. హైదరాబాదులో మనిషి కర్ణాటక కదా, బెంగళూరు పొమ్మన్నారు. ఏజెంటు గదికి తాళం. ఆ పాస్‌పోర్టు చిరునామాలో ఉన్న ఇంటికి వెళితే వాళ్లు వీరేశం అనే పేరే వినలేదన్నారు. చెప్పుల మీద ఎర్రమట్టి, చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో కాగితాలు, అలా రెండు రోజులకోసారి బాపు ఇంటికొచ్చి గడప మీద కూర్చునేవాడు. నేను రోజు విడిచి రోజు మధ్యాహ్నం లింబాద్రి భోజనం వేళకు రాజయ్య మామ దుకాణంలో కాచుకునేదాన్ని. ఆయన పాపం, ముక్కూ మొహం తెలియని ఆడపిల్లకు తను తినే బువ్వ వదిలేసి వచ్చి ఫోను చేసేవాడు. చెప్పడానికి ఏముంటుంది? ఇంకా సంతకం కాలేదట, ఇంకా ముద్ర పడలేదట.

ఇంటికి రాగానే నాయినమ్మ నన్ను వంటింట్లోకి పిలిచేది. ఆమె ఇవ్వాల్సిన సంతకమూ లేదు, ఎక్కాల్సిన ఆఫీసూ లేదు. ఆమెకు ఒకటే కావాలి. "ఇంక అట్లనే ఉన్నడా?" "ఉన్నడట." "గోడకేనా?" "గోడకే." "గదువ కింద కట్టె వెట్టిన్రా? మెడ వాలుతది వానికి, నిద్రల సుత వాలేటిది." "వెట్టిన్రట నాయినమ్మా." రోజుకో ఇటుక పెట్టి ఆ గోడ నేనే కట్టాను. మెడ చుట్టూ తెల్లబట్ట చుట్టారని చెప్పాను. చల్లటి గదిలో ఉంచారని చెప్పాను, అదొక్కటే నిజం. ఒకరోజు ఆమె పొయ్యి దగ్గర కట్టె సర్దుతూ ఒక్కసారి నవ్వింది. "సచ్చినంక కూసున్నడు సూడు నా కొడుకు. బతికున్నప్పుడు కూసోమంటె కూసోకపాయె" అంది. చిన్నమ్మ ఆ మాట విని బిడ్డను ఒళ్లోకి లాక్కుని ఏడుస్తూనే నవ్వింది. చుట్టుపక్కల ఆడవాళ్లు కూడా, పోనీలే, పరాయి దేశమైనా ఆచారం తెలిసిన మనుషులు దొరికారు అనుకున్నారు. బాపుకు చెబుదామని రెండుసార్లు గడప దాకా పోయాను. ఆయన కాళ్ల పగుళ్లలో ఎర్రమట్టి తీసుకుంటూ వంగి కూర్చుని ఉంటే, రెండుసార్లూ మంచినీళ్ల చెంబు ఇచ్చి వెనక్కి వచ్చాను. పంతొమ్మిదేళ్ల పిల్లను, బి.ఎ. చదువుతున్నాను, నాలుగు భాషలు వచ్చు. ఒక్క మాట ఏ భాషలోనూ నోటికి రాలేదు.

రేపు విమానం దిగుతుందని తెలిసిన రోజు మఠం అయ్యగారు వచ్చారు. మా గుంత మనిషి పాదంతో కొలుస్తారు, పోయినవాళ్ల పాదంతోనే. ఐదు పాదాల పొడుగు, ఐదు పాదాల వెడల్పు, తొమ్మిది పాదాల లోతు. మనిషి లేడు, ఆయన పాత చెప్పులు అటక కింద ఉన్నాయి. తోలుతో కొలవరాదని అయ్యగారు అన్నారు. "గౌరమ్మా, దారం తేపో. చెప్పు కొలత దారానికెక్కియ్యి. దారంతోని గుంత కొలుద్దాం" అన్నారు. వాకిట్లో కూర్చుని, ఎడమ చెప్పు మీద మడమ నుంచి బొటనవేలి గుంట దాకా నూలు దారం పరిచి ముడి వేశాను. మడమ దగ్గర బాగా అరిగిపోయి ఉంది, అంత నడిచిన మనిషి. ముడి వేస్తుండగా, ఇప్పుడన్నా చెప్పాలి, ఈ గుంత సరిపోదు అని చెప్పాలి అని నా లోపల ఎవరో అరుస్తూనే ఉన్నారు. నాయినమ్మ నా పక్కనే కూర్చుని, ఆ చెప్పు దుమ్ము కొంగుతో తుడుస్తోంది. ముడి గట్టిగా బిగించి దారం అయ్యగారి చేతిలో పెట్టాను. మాది మొరం నేల, గడ్డపార దిగదు. నలుగురు మనుషులు పొద్దు గుంకేదాకా తవ్వారు. ఇంటి దగ్గరేమో ఊరేగింపుకు కుర్చీ సిద్ధం చేశారు. కొయ్య కుర్చీకి వెదుళ్లు కట్టి, నాలుగు మూలలా అరటి బోదెలు నిలిపి, బంతిపూల దండలు చుట్టారు.

మరుసటి మధ్యాహ్నం జీపు వచ్చింది. పైన పెట్టె. గల్లీ మొగలో అది మలుపు తిరగలేక వెనక్కీ ముందుకీ అవుతుంటేనే చూసినవాళ్లందరికీ తెలిసిపోయింది. డోలు కొట్టేవాడు రెండు దెబ్బలు వేసి ఆపేశాడు. ఆరడుగుల పైన పొడుగున్న చెక్క పెట్టె, మేకులు కొట్టి, పైన ఇంగ్లిషులో చిన్నాయన పేరు తప్పుగా రాసి ఉంది. దాన్ని పూలకుర్చీ పక్కన దించారు. కుర్చీ ఖాళీగా, పెట్టె పొడుగ్గా. పొద్దున్నే విమానాశ్రయంలోనే బాపు చూసి ఉంటాడు, హైదరాబాదు నుంచి జహీరాబాదు మీదుగా ఆ పెట్టె కిందే కూర్చుని వచ్చాడు, దారి పొడుగునా తమ్ముడు చెప్పిన అంతస్తులు చూసుకుంటూ. దిగి నా వైపు చూడలేదు. చిన్నమ్మ మాత్రం, "అక్కడ కూసోబెట్టిన్రన్నరు గదా?" అని అందరినీ అడిగింది, ఒక్కొక్కరి ముఖం చూస్తూ, బజార్లో తప్పిపోయిన మనిషి దారి అడిగినట్టు. నేను గోడకు అతుక్కుపోయాను. నాయినమ్మ ఒక్కతే ఎవరినీ అడగలేదు. పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, తల దిక్కు ఏదో కనుక్కుని, అక్కడ నేల మీద కూర్చుంది.

మూత తీశారు. ముఖం చూసుకున్నాం, ఆయనే, కొంచెం నల్లబడి ఉన్నాడు. బాపు మోకాలి కింద చేయి పెట్టి ఒక్కసారి, ఒకే ఒక్కసారి మడవాలని చూశాడు. అయ్యగారు ఆయన చేయి పట్టుకుని ఆపారు. "వద్దు సంగన్నా. తకలీఫ్ పెట్టద్దు పిల్లగాన్ని. ఎట్లచ్చిండో అట్లనే పంపుదాం" అన్నారు. చిన్నాయన సామానుతో వచ్చిన సంచిలో గడియారం, తాళం చెవి, లింగకాయ ఉన్నాయి. ఎడమ పిడికిలి విప్పుకోలేదు. లింగాన్ని చేతికీ రొమ్ముకూ మధ్య పెట్టి తెల్లబట్టతో కట్టారు. పెట్టెను ట్రాక్టరు మీద చెలకకు తీసుకుపోయారు. అక్కడ గుంత నలుచదరంగా, మెట్టుతో, మనిషిని కూర్చోబెట్టే గూడుతో, అయ్యగారు చెప్పినట్టే చక్కగా తవ్వి ఉంది. మళ్లీ గడ్డపారలు తీశారు. మూడు గంటలు పట్టింది దాన్ని పొడుగు చేయడానికి. ఆ మూడు గంటలూ పెట్టె ఎండలో ఉంది, పక్కన నాయినమ్మ కొంగు నీడ పట్టి కూర్చుంది. గడ్డపార మొరం మీద పడ్డ ప్రతి దెబ్బా నాకే పడింది. విబూది, పత్రి, ఉప్పు పోశారు, మట్టి పోశారు. ఇంటికి వచ్చేసరికి పూలకుర్చీ అలాగే వాకిట్లో ఉంది. ఎవరిదో మేక బంతిపూలు తింటోంది. దాన్ని తోలే ఓపిక ఎవరికీ లేకపోయింది.

ఇప్పుడు అంతా మారింది. ఆ చెలక చుట్టూ కార్ఖానాలు, షిఫ్టు విడిచే వేళకు ఆటోల గోల. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి హైదరాబాదులో పని చూసుకుంటున్నారు మా పిల్లలు. దుబాయిలో ఎవరికి జ్వరం వచ్చినా గంటలో ఫోటో వస్తుంది. పోయిన ఏడు మా వీధిలో ఒకతను అక్కడే పోతే, పెట్టె కొలతలతో సహా అన్నీ ముందే ఫోనులో వచ్చాయి, గుంత ఆ కొలతకే తవ్వారు. ఎవరూ ఎవరికీ ఏ అబద్ధమూ చెప్పాల్సిన పని పడలేదు. మంచిదే. మంచిదేనని నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆ ఇంటి ముసలమ్మ ఫోనులో ఆ పెట్టె బొమ్మను చూస్తూ కూర్చున్న తీరు చూశాక, ఆ మాట మళ్లీ నాకు నేను చెప్పుకోలేకపోయాను.

నాయినమ్మ ఆ తర్వాత పదకొండేళ్లు బతికింది. నా పెళ్లి చేసింది, నా పిల్లలకు నీళ్లు పోసింది. ఆ ఇరవై రెండు రోజుల మాట నా దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆమెకు బాగాలేదని తెలిసి నేను బీదర్ వచ్చిన మూడో రోజు పొద్దున, పూజ వేళకు, నన్ను దగ్గరికి పిలిచింది. పెనం మీద రొట్టె వాసన వస్తోంది. మాట లోగొంతులో ఉంది, చెవి ఆమె నోటి దగ్గర పెట్టాను. "ఆ దినాలల్ల నువ్వు చెప్పకపోతె నేను బతుకకపోదును బిడ్డా" అంది. ఊపిరి తీసుకుంది. నా మోచేయి పట్టుకుంది, దుకాణంలో పట్టుకున్నట్టే, కానీ ఇప్పుడు ఆ పట్టులో బలం లేదు. "నన్నన్న నిజంగ కూసోబెట్టు."

పొద్దెక్కేసరికి పోయింది. ఎవరినీ రానివ్వలేదు. కాళ్లు నేనే మడిచాను, వీపు గోడకు ఆనించాను, గదువ కింద కర్ర పెట్టాను. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. ఆమె తనంతట తాను కూర్చునేదాకా, రెండు భుజాలూ పట్టుకుని అలాగే ఉన్నాను.